రాజద్రాక్ష కథ

మన ఆలంకారికులు కావ్యపాకములను నిర్ణయించునపుడు ద్రాక్షాపాకమునకు అగ్రస్థాన మొసంగిరి. నోట నిడినంతనే రసము లోనికి జాఱుట దాని లక్షణము. అట్టి ఫలము తెలంగాణమున పందిళ్లపై ప్రాకి భాగ్యనగరమునకు కీర్తి దెచ్చిన వృత్తాంతము సోదరీమణు లెఱుంగ దగినది.

1890 ప్రాంతమున అబ్దుల్ బాకర్ ఖాన్ గారు హైదరాబాదులో ఒక క్రొత్తజాతి ద్రాక్షను ప్రవేశపెట్టిరి. దానికి 'అనాబ్-ఎ-షాహి' యని పేరు. రాజద్రాక్ష యని అర్థము. పండు కోలగా నుండును, పండినపుడు తేనెవన్నె దాల్చును, గింజ గలది. చలిదేశములలో తీగ శీతకాలమున నిద్రించును. మన యుష్ణభూమిలో దానికి నిద్ర లేదు. అందువలన రైతులు ఏటికి రెండుమారులు కత్తిరింతురు. వేసవిలోని కత్తిరింపు క్రొత్త కొమ్మల కొఱకు, ఆశ్వయుజ కార్తికములలోనిది ఫలము కొఱకు. మాఘము మొదలుకొని గుత్తులు కోతకు వచ్చును.

ఈ తీగకు బూజుతెగులు పరమశత్రువు. దాని మందు పుట్టినచోటు విచిత్రమైనది. ఫ్రాన్సుదేశమున బోర్డో సీమలో ద్యుక్రు-బోకైయు అను ప్రసిద్ధమైన ద్రాక్షతోట కలదు. అందమైన గులకరాళ్లని ఆ పేరికి అర్థము. 1855లో పారిస్ ప్రదర్శన సందర్భమున ఆ సీమ తోటలకు తరగతు లేర్పఱచినపుడు దీనికి రెండవ తరగతి లభించెను. బాటసారులు పండ్లు దొంగిలింపకుండ బాటప్రక్క తీగలపై మైలుతుత్తము, సున్నము కలిపి చల్లుట అచ్చటి వాడుక. అట్లు చల్లిన తీగలకు మాత్రము తెగులు సోకకుండుటను మిలార్దె అను వృక్షశాస్త్రజ్ఞుడు 1882లో గమనించి, పరీక్షించి, 1885లో లోకమునకు వెల్లడించెను. మన రైతులు నేటికిని చల్లు 'బోర్డో మిశ్రమము' అదియే. దొంగకై పన్నిన యుపాయము తోటలకు ప్రాణదాన మొనర్చినది!

ఆ తోట నేటికిని తోటగనే యున్నది. మన తోటల గతి వేఱైనది. గింజలేని జాతులు అంగడి నాక్రమించినవి. రాతికడీలకు, ఇనుపతీగకు ముందుగనే విశేషధనము కావలెను. కోతవేళ వడగండ్లు పడెనా, యేటి కష్టము నేలపాలు. ఇంతలో నగరము పెరిగినది. మా తిరుమలగిరి మీదుగా శామీర్‌పేటకు పోవు బాట వెంబడిని, మేడ్చల్ వైపునను పందిళ్లుండిన నేలలు పెక్కు ఇంటిస్థలము లైనవి. అమ్మినవానిని నిందింపజాలము, అప్పు తీర్చుకొని బిడ్డల చదువు చూచుకొనవలెను గదా. కాని గుత్తులు పలుచన చేయుటయు, కోయుటయు, గంపల కెత్తుటయు స్త్రీల పనులు. భూమి వెల యజమానునికి ముట్టినది. ఆ కూలి స్త్రీలకు ముట్టిన దేమి? తెగులునకు మందు దొరకినది గాని భూమి వెలకు మందు దొరకలేదు.

రాజేంద్రనగరులోని ద్రాక్ష పరిశోధనా కేంద్రము పెక్కుజాతుల తీగలను కాపాడుచున్నది. పిల్లలను గొనిపోయి చూపుడు. అంగడిలో రాజద్రాక్ష కనబడినచో గింజకు విసుగక కొనుడు. కొనువారున్ననే పెంచువా రుందురు. పెరటిలో చోటున్నవారు ఒక్క తీగ నాటి పందిరి వేయుడు. నీడయు ఫలమును రెండును దక్కును.