కుక్కపిల్ల కడుపులోని పురుగులు

శీతకాలము ప్రవేశించినదనగా నారాయణఖేడు వీథులలో కుక్కలు పిల్లలు పెట్టు దినములు వచ్చినవన్నమాట. జొన్నచొప్ప వామి చాటునను, మూసియున్న దుకాణపు అరుగు క్రిందను నాలుగైదు పిల్లలు ఒకదానిపై నొకటి పడి నిద్రించుచుండును. బడినుండి వచ్చు బాలురు వానిలో నొకదానిని చంక నెత్తుకొని యింటికి తెచ్చెదరు. తల్లి కసరును. నాయనమ్మ మాత్రము దాని వంక చూచి, "పొట్ట చూడుండ్రి, పాలు మంచిగ పట్టినయి" అని సంతోషించును. పది దినములు గడచునప్పటికి ఆ పిల్ల ఆట మానును, పాలు ముట్టదు. ఒకనాటి ఉదయమున గోనెపట్టా మీద చల్లబడి యుండును. చలికి పోయినదని కొందరు, దిష్టి తగిలినదని కొందరు అనుకొందురు. పిల్లలు రెండు దినములు ఏడ్చి ఊరకుందురు.

నాయనమ్మ మెచ్చుకొనిన ఆ పొట్టయే అసలు సంగతిని చెప్పుచుండెను. పాలు త్రాగిన పొట్ట మెత్తగా నుండును. కొన్ని గంటలలో తగ్గును. పురుగుల పొట్ట డోలువలె బిగిసి, ఆకలిగానున్న వేళ సైతము తగ్గక నిలుచును. పొట్ట పెద్దదై, వెన్నెముకయు ప్రక్కటెముకలును చేతికి తగులుచు, వెండ్రుకలు మెరుపు మాసియున్నచో అది పుష్టి కాదు, రోగము.

కుక్కపిల్లలను బాధించు పురుగులలో ముఖ్యమైనవి మూడు. మొదటివి ఏలికపాములు. ఇవి ఉడికించిన సేమ్యావలె తెల్లగా, జానెడు పొడవు వరకు పెరుగును. వాంతిలోనో విరేచనములోనో చుట్టచుట్టుకొని పడును. రెండవవి కొంకిపురుగులు. పొడవు ఒకటి రెండు సెంటీమీటర్లే గాని మిక్కిలి క్రూరమైనవి. ప్రేగుగోడను పండ్లతో కరచిపట్టి రక్తము త్రాగును. పిల్ల చిగుళ్లు పాలిపోయి, విరేచనము తారువలె నల్లబడినచో వీనినే అనుమానింపవలెను. మూడవవి బద్దెపురుగులు. వీని తునకలు దోసగింజలవలె తోక క్రింద అంటియుండును. కుక్క వెండ్రుకలలో దుముకుచు తిరుగు చిన్న నల్లని పురుగులను కుక్క నమిలి మ్రింగుటచే ఇవి సంక్రమించును.

"నిన్నగాక మొన్న పుట్టిన పిల్ల, పాలు తప్ప మరేమియు ఎరుగదు, దీనికి పురుగులెక్కడివి?" అని పలువురు అడుగుదురు. ఈ ప్రశ్నకు సమాధానము తెలిసినచో చికిత్స యంతయు తెలిసినట్లే. తల్లికుక్క ఎప్పుడో మ్రింగిన గుడ్లనుండి వెలువడిన ఏలికపాము పిల్లలు దాని కండరములలో నిద్రించుచుండును. కుక్క గర్భము సుమారు 63 దినములు. అందు చివరి మూడవవంతులో ఆ నిద్రించు పురుగులు మేల్కాంచి, మాయను దాటి, గర్భములోని పిల్లల కాలేయమును చేరును. పుట్టిన పిమ్మట ఊపిరితిత్తులలోనికి పోయి, దగ్గుతో గొంతుకు వచ్చి, మ్రింగబడి, ప్రేగులలో స్థిరపడును. మూడు వారములు నిండునప్పటికే ఆ పసికూన మలములో పురుగుల గుడ్లు కనబడవచ్చును. కొంకిపురుగు పిల్లలు తల్లిపాలతోడనే లోనికి పోవును. తల్లి కండరములలో దాగిన పురుగులను మామూలు మందులు చంపజాలవు. కావున ఎంత శుభ్రమైన యింట పుట్టిన పిల్లయైనను పురుగులతో పుట్టినదనియే తలచి, చికిత్స ఆరంభింపవలెను.

ఆ ఆరంభము రెండు వారముల వయసున జరుగవలెను. అటుపై పాలు మానిన రెండు వారముల వరకు ప్రతి రెండు వారములకు ఒకమారు, పిదప ఆరు నెలలు నిండువరకు నెలకొకమారు మందు పోయవలెను. ఒక్కసారి పోసి, పురుగులు పడినవని తృప్తి చెందుట అందరును చేయు పొరపాటు. మందు ప్రేగులలోని పురుగులను మాత్రమే చంపును. ఆ వేళ కాలేయములోను ఊపిరితిత్తులలోను ప్రయాణించుచున్నవి తప్పించుకొని, కొద్ది దినములలో ఖాళీయైన ప్రేగులకు చేరును. రెండవ మోతాదు వాని కొరకే. పిల్లలను నాకుచుండు తల్లికిని అదే దినమున మందు ఇయ్యవలెను.

పసిపిల్లలకు పైరాంటెల్ అను ద్రవౌషధమును సాధారణముగా వాడుదురు. ఫెన్‌బెండజోల్‌ను వరుసగా మూడు దినములు ఇచ్చుటయు కలదు. బద్దెపురుగులకు ప్రాజిక్వాంటెల్ కావలెను. అది కలిసిన మాత్రలు మరీ చిన్న పిల్లలకు తగవు. మోతాదు వయసునుబట్టి గాక బరువునుబట్టి నిర్ణయింపబడును. కావున కూరగాయల త్రాసులోనైనను పిల్లను తూచి, ఆ బరువును పశువైద్యునకు చెప్పి మందు తెచ్చుకొనవలెను. పెద్దకుక్కకు తెచ్చిన మాత్రను అంచనాగా విరిచి వేయరాదు.

పూర్వము పోకచెక్కనుండి తీసిన అరెకోలిన్ అను మందును కుక్కల బద్దెపురుగులకు పలుదేశములలో వాడిరి. పనిచేయు మోతాదుకును ప్రాణముతీయు మోతాదుకును దూరము స్వల్పమగుటచే అట్టివి వెనుకబడినవి. పొగాకునీళ్లు, కిరసనాయిలు పసికూన నోట పోయుట పురుగుకన్న ముందు పిల్లనే చంపుట యగును. పిల్ల మిగుల నీరసించినను, చిగుళ్లు తెల్లబడినను, వాంతులతో నెత్తురు విరేచనములు అగుచున్నను ఇంటివైద్యము తగదు. అది పార్వో అను అంటురోగము కావచ్చును. పురుగులమందు దానికి పనిచేయదు. వెంటనే పశువైద్యశాలకు కొనిపోవలెను.

ఈ విషయము కుక్కపిల్ల ప్రాణముతోడనే ముగియదు. 1950లో అమెరికాలో హెలెనార్ వైల్డర్ అను పరిశోధకురాలు, కణితి యుండునేమో యను అనుమానముతో తీసివేసిన పిల్లల కన్నులను పరీక్షించి, పలుకన్నులలో కణితికి బదులు చిన్న పురుగుల జాడ కనుగొనెను. 1952లో న్యూ ఆర్లియన్స్‌లో పాల్ బీవర్, ఆయన సహచరులు పిల్లల కాలేయమును బాధించు ఇట్టి పురుగు కుక్కల ఏలికపామే యని నిరూపించిరి. మన్నులో ఆడి, ఆ చేతిని నోట పెట్టుకొనిన బిడ్డ కడుపులోనికి గుడ్లు పోవును. మనిషి దేహములో ఆ పురుగు ప్రేగులలో పెరుగదు. దారి తప్పి కాలేయము, ఊపిరితిత్తులు, ఒక్కొక్కప్పుడు కన్ను చేరును. కావుననే బిడ్డ మలములో వెదకినను అది కనబడదు. కుక్క కొంకిపురుగు పిల్లలు తడినేలపై వట్టికాళ్లతో నడచువారి చర్మములో దూరి, వంకర టింకర యెర్రని చారలు కలిగించును.

ఇందుకు భయపడి కుక్కపిల్లను వీథిలో పారవేయ నక్కరలేదు. ఒక్క సంగతి గుర్తుంచుకొనిన చాలును. ఏలికపాము గుడ్లు మలములో పడిన నాడే హాని చేయవు. మన్నులో రెండు వారములైనను పక్వము కావలెను. అటుపై ఏండ్ల తరబడి చావవు, ఫినాయిలుకు లొంగవు. కావున మలమును ఏనాటి కానాడే ఎత్తి, పిల్లలాడు చోటికి దూరముగా లోతుగా పూడ్చినచో గొలుసు తెగిపోవును. కుక్కను తాకిన పిమ్మట, అన్నమునకు ముందు, సబ్బుతో చేతులు కడుగుట పిల్లలకు అలవాటు చేయవలెను. గొఱ్ఱెల మందలు గల ఇండ్లవారు పచ్చి కాలేయము, ఊపిరితిత్తులు కుక్కకు వేయరాదు. అందుండు నీటితిత్తులవలన కుక్కకు మరియొక బద్దెపురుగు, దానివలన మనుష్యులకు నీటితిత్తుల రోగము సంక్రమించును.

2015 నుండి ఏటేట ఫిబ్రవరి 10వ తేదీని జాతీయ నులిపురుగుల నివారణ దినముగా పాటించి, బడులలోను అంగన్‌వాడీలలోను పిల్లలకు ఆల్బెండజోల్ మాత్ర మ్రింగించుచున్నారు. చలికాలపు కుక్కపిల్లలు ముంగిళ్లలో తిరుగాడు దినములును అవే. బిడ్డ మాత్ర మ్రింగి యింటికి వచ్చిన ఆ దినమున, వాని చంకలోని కుక్కపిల్ల పొట్టను కూడ ఒకమారు నిమిరి చూడుడు. మెత్తగానున్నదా, బిగిసియున్నదా? బిగిసియున్నచో ఆ సాయంకాలమే త్రాసును వెదకవలెను.