రాసిపెట్టుకోగలిగిన పని: టెర్మినల్‌లో మొబైల్ ఆప్

మొబైల్ ఆప్ తయారీ నేర్చుకునేవారు మొదట తడబడేది నల్లటి టెర్మినల్ తెర దగ్గరే. అక్కడ నొక్కడానికి బటన్లుండవు. ఏం కావాలో మనమే టైప్ చేసి ఎంటర్ కొట్టాలి. ఆ బెరుకు తీరాలంటే ఒక ఆప్‌ను మొదటి నుంచి చివరిదాకా నడిపి చూడాలి.

గూగుల్ వారి ఫ్లట్టర్‌నే తీసుకుందాం. దాని 1.0 వెర్షన్ 2018 డిసెంబరులో వచ్చింది. డార్ట్ భాషలో ఒకసారి రాసిన కోడ్‌తో ఆండ్రాయిడ్‌కూ ఐఫోన్‌కూ ఆప్ చేయవచ్చు. ఇన్‌స్టాల్ అయ్యాక ముందుగా కొట్టాల్సింది ‘ఫ్లట్టర్ డాక్టర్’. పేరుకు తగ్గట్టే అది మన కంప్యూటర్ నాడి చూస్తుంది. సరిగా ఉన్నదాని పక్కన టిక్కు, లోపమున్నచోట ఆశ్చర్యార్థకం, అసలు లేనిదానికి ఇంటూ గుర్తు పెడుతుంది. ఆండ్రాయిడ్ లైసెన్సులు ఒప్పుకోలేదన్న వరుస కొత్తవాళ్లకు తరచూ ఎదురవుతుంది. ఏ కమాండ్ కొడితే అది తీరుతుందో ఆ కిందే రాసి ఉంటుంది. కంగారుపడి విండో మూసేయకుండా చదివితే సగం చిక్కులు అక్కడే విడిపోతాయి.

పాల లెక్క రాసుకునే ఆప్ చేద్దామనుకోండి. ‘ఫ్లట్టర్ క్రియేట్’ అని కొట్టి, పక్కన ఆప్ పేరు ఇంగ్లిషు చిన్న అక్షరాల్లో రాస్తే ఫోల్డర్లన్నీ సిద్ధమవుతాయి. మన కోడ్ ‘లిబ్’ ఫోల్డర్‌లో ఉంటుంది. ‘పబ్‌స్పెక్’ ఫైలు కిరాణా చీటీ లాంటిది. బయటి నుంచి కావాల్సిన ప్యాకేజీల పేర్లు అందులో రాస్తాం. ‘ఫ్లట్టర్ పబ్ గెట్’ ఆ చీటీ చూసి సరుకంతా తెస్తుంది. కేబుల్‌తో ఫోన్ కలిపి ‘ఫ్లట్టర్ రన్’ కొడితే ఆప్ అందులో తెరుచుకుంటుంది. ఇప్పుడు కోడ్‌లో ‘మొత్తం’ అన్నచోట ‘ఈ నెల మొత్తం’ అని మార్చి, సేవ్ చేసి, టెర్మినల్‌లో ‘ఆర్’ అక్షరం నొక్కండి. ఆప్ మూతపడకుండానే ఫోన్ మీద ఆ మాట మారిపోతుంది. దీన్నే హాట్ రీలోడ్ అంటారు.

ప్లే స్టోర్‌కు పంపే ఫైలు ‘ఫ్లట్టర్ బిల్డ్ ఆప్‌బండిల్’తో తయారవుతుంది. కొత్త ఆప్‌లకు 2021 ఆగస్టు నుంచి స్టోర్ అడుగుతున్నది ఈ రూపమే. ఐఫోన్ ఆప్‌కు మాత్రం మ్యాక్ కంప్యూటర్ ఉండాల్సిందే.

ఇదంతా బటన్లతోనూ చేయవచ్చు. కానీ ఏ మెనూలో ఏది నొక్కామో నెల తిరిగేసరికి గుర్తుండదు. కమాండ్‌ను మాత్రం ఉన్నది ఉన్నట్టు రాసిపెట్టుకోవచ్చు, స్నేహితుడికి మెసేజ్‌లో పంపవచ్చు, నాలుగింటిని ఒకే స్క్రిప్టు ఫైలులో పెట్టి ఒక్క దెబ్బతో నడిపించవచ్చు. అందుకే ఈ రోజు పనిచేసిన ప్రతి కమాండ్‌నూ ప్రాజెక్టులోని రీడ్‌మీ ఫైలులో ఎక్కించండి. ఆరు నెలల తర్వాత కొత్త ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నప్పుడు దాన్ని ముందుగా వెతుక్కునేది మీరే.