వక్షస్థల శస్త్రచికిత్స: శరీరంపై దాని ప్రభావం

స్త్రీ శరీరంతో జన్మించినప్పటికీ తాము పురుషులమని దృఢంగా భావించేవారు కొందరున్నారు. వీరిలో కొందరు స్తనాలను తొలగింపజేసుకుని వక్షాన్ని పురుషుల వక్షంవలె చదును చేయించుకుంటారు. ఇటువంటి చికిత్సలపై ఉలమాలలో భిన్నాభిప్రాయాలున్నాయి. 1989లో మక్కాలో సమావేశమైన రాబితా ఫిఖ్హ్ మండలి, స్త్రీ పురుష లక్షణాలు స్పష్టంగా ఉన్నవారు లింగమార్పిడి చేయించుకోవడం ధర్మసమ్మతం కాదని తీర్మానించింది. జన్మతః ఉభయ లక్షణాలు గల ఖున్సాలకు మాత్రం వైద్యాన్ని అనుమతించింది. ఇరాన్‌లో ఆయతుల్లా ఖుమైనీ 1980వ దశకంలో లింగమార్పిడికి అనుమతినిచ్చారు. అయితే తీర్పు చెప్పే ముందు విషయ స్వరూపం తెలిసి ఉండాలన్నది ఫిఖ్హ్ పండితుల సూత్రం. కనుక ఈ చికిత్స శరీరంలో ఏమి మారుస్తుందో, ఏమి మార్చదో ముందుగా గ్రహించాలి.

స్తనాలు పెద్దవైతే వాటి అడుగున అడ్డంగా కోసి, గ్రంథులను, మిగులు చర్మాన్ని తీసివేస్తారు. చనుమొనను చిన్నదిగా చేసి తగిన చోట అతికిస్తారు. స్తనాలు చిన్నవైతే చనుమొన చుట్టూ ఉండే నల్లని వలయం అంచున చిన్న కోత చాలును. ఛాతీ కండరాలను తొలగించరు. చర్మం క్రింద రక్తం చేరడం, చీము పట్టడం, అతికించిన చనుమొన సరిగా అంటుకోకపోవడం దీనిలోని ప్రమాదాలు.

కోతలో చర్మపు నరాలు తెగుతాయి గనుక ఛాతీ మొద్దుబారుతుంది. నెలల తరబడి స్పర్శ కొంత తిరిగి వచ్చినా, అతికించిన చనుమొనకు పూర్వపు స్పర్శ సాధారణంగా రాదు. మచ్చలు నెమ్మదించడానికి ఏడాది, అంతకు మించి కూడా పట్టును. చనుమొనను వేరుచేసి అతికించినప్పుడు పాలనాళాలు తెగిపోతాయి. ఇక బిడ్డకు పాలిచ్చే అవకాశం దాదాపు ఉండదు. గర్భాశయానికి, అండాశయాలకు ఈ చికిత్సతో సంబంధం లేదు. గడ్డం, గొంతు మార్పు హార్మోన్ల వలన కలిగేవే గాని దీనివలన కాదు.

ఒక విషయం తరచుగా మరుగున పడుతుంది. ఛాతీకి సహజమైన ఆకృతి నిలవడానికి కొంత స్తన కణజాలాన్ని ఉంచుతారు. చంక వైపున కూడా కొంత మిగులుతుంది. అందువలన క్యాన్సర్ ముప్పు బాగా తగ్గుతుందే గాని పూర్తిగా పోదు. కుటుంబంలో ఈ వ్యాధి ఉన్నవారు ఆ సంగతి ముందే వైద్యునికి చెప్పాలి. తర్వాత ఏనాడైనా గడ్డ కనిపిస్తే సిగ్గుపడి దాచరాదు. తమకు జరిగిన చికిత్సను కూడా వైద్యునికి తెలపాలి.

చికిత్స పొందినవారిలో అధికులు తమ మనోవేదన తగ్గిందనీ, పశ్చాత్తాపపడినవారు కొద్దిమందేననీ అధ్యయనాలు చెబుతున్నాయి. అయినా తీసివేసిన గ్రంథి తిరిగి రాదు. కావున లాభనష్టాలు రెండూ తెలుసుకున్న తర్వాతనే సమ్మతి తెలపడం ఉచితం. చికిత్స చేయించుకున్నవారిని ఎగతాళి చేసి వైద్యానికి దూరం చేయడం మాత్రం ఎవరికీ తగదు.