70 పౌన్ల పత్రిక

మీ ఊళ్ళో ఇవాళ ఎక్కడ నాటకం ఆడుతున్నారో, ఎక్కడ పాటకచేరీ జరుగుతున్నదో ఒకే కాగితంలో దొరికితే ఎంత బాగుండును!

లండన్ నగరంలో టోనీ ఎలియట్ అనే విద్యార్థి ఆ పనే చేశాడు. పుట్టినరోజు కానుకగా వచ్చిన 70 పౌన్లతో, 1968లో, "టైమ్ అవుట్" పత్రిక ప్రారంభించాడు. మొదటి సంచిక మడతపెట్టిన ఒకే ఒక కాగితం! పెద్ద పత్రికలు పట్టించుకోని చిన్న నాటకశాలల కబుర్లు కూడా అందులో ఉండేవి. పత్రిక బాగా సాగింది.

అక్కడ పనిచేసేవారందరికీ ఒకటే జీతం ఉండేది. 1981లో ఎలియట్ ఆ పద్ధతి తీసివేయదలచాడు. సిబ్బంది ఒప్పుకోక సమ్మె కట్టారు. చాలామంది బయటికి వెళ్ళి "సిటీ లిమిట్స్" అనే పోటీ పత్రిక పెట్టారు. అది 1993లో ఆగిపోయింది. టైమ్ అవుట్ కూడా 2022లో లండన్‌లో అచ్చు మానివేసి, ఇంటర్నెట్‌కు మారింది.

అందరికీ ఒకటే జీతం న్యాయమా, పనినిబట్టి జీతం న్యాయమా? మీరేమంటారు?