ఒక్కనాటి బస్సు యజమానులు

మహాశివరాత్రికి కురవి వీరభద్రస్వామి జాతరకు చుట్టుపట్ల పల్లెలనుండి జనము కదలివచ్చుట తరతరముల ఆచారము. రహదారులపై మోటారు తిరుగక పూర్వము వారందరు ఎడ్లబండ్లు కట్టుకొని వచ్చెడివారు. ఒక వాడవారు నాలుగు బండ్లు సమకూర్చుకొని, బియ్యము, పప్పు, వంటచెరకు వానిలోనే వేసికొని, ముసలివారిని, పిల్లలను బండ్లపై నెక్కించి, నడువగలవారు ప్రక్కన నడచుచు బయలుదేరెడివారు. ఆ ప్రయాణమునకు టికెట్టు లేదు. వేళల పట్టిక లేదు. ఎక్కడ ఆగవలెనో, ఎద్దులు అలసినపుడు ఎంతసేపు నిలుపవలెనో, ఎవరి కొరకు వేచియుండవలెనో నిర్ణయించునది ఆ గుంపే. బండి వారిది గనుక బాధ్యతయు వారిదే.

నేడు అదే కురవినుండి బడిపిల్లలను రామప్పగుడికి తీసికొనిపోవలెనన్నచో ఉపాధ్యాయులు మొట్టమొదట తలచునది కిరాయి బస్సును. పైకి ఇది చిన్న వ్యవహారముగనే తోచును. ధర కుదిరెను, బయానా ముట్టెను, తెల్లవారుజామున బండి వచ్చెను, ఇంకేమి కావలెను? కాని టికెట్టు కొని ఎక్కు బస్సునకును, మొత్తముగ కుదుర్చుకొను బస్సునకును గల భేదము ధరలో మాత్రమే లేదు. మొదటిదానిలో ఎక్కినవాడు ప్రయాణికుడు. రెండవదానిలో అతడు ఒక్కదినమునకు యజమాని. ఎడ్లబండి నాటి బాధ్యత అతనికి మరల వచ్చి చేరును.

‘బస్సు’ అనునది ‘ఆమ్నిబస్’ అను మాటకు తోక. లాటిను భాషలో దానికి ‘అందరి కొరకు’ అని అర్థము. రుసుము చెల్లించిన ఎవరికైనను చోటిచ్చు బండి గనుక ఆ పేరు నిలిచినది. హైదరాబాదు రాజ్యములో ఇట్టి అందరి బండిని ప్రభుత్వపక్షమున నడుపుట 1932లో ఆరంభమయ్యెను. నిజాము స్టేటు రైల్వేకు అనుబంధముగ రోడ్డు రవాణా శాఖ ఏర్పడి, 27 బస్సులతోను, 166 మంది ఉద్యోగులతోను పని మొదలిడెను. అప్పటికి నలుబదేండ్లకు పూర్వమే, అనగా 1889 నాటికే, మానుకోట మీదుగా బెజవాడ వరకు రైలుదారి పూర్తియైయుండెను. రైలు చేరని ఊళ్లకు దారి కలుపుట బస్సు వంతైనది. 1958 జనవరి 11న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థయు, రాష్ట్రవిభజన తరువాత తెలంగాణ సంస్థయు ఆ వారసత్వమును వరుసగా అందుకొన్నవి.

అందరి బండి కొందరి బండియైనపుడు చట్టము దానిని వేరుగ చూచును. 1939 నాటి మోటారు వాహనముల చట్టమును, దాని స్థానమున వచ్చిన 1988 చట్టమును బస్సులను రెండు తెగలుగ విభజించినవి. దారిపొడవున జనమును ఎక్కించుకొనుచు, దించుచు, ఒక్కొక్కరివద్ద రుసుము తీసికొనునది స్టేజి క్యారేజి. ముందుగ కుదిరిన ఒప్పందము ప్రకారము బండి మొత్తమును ఒకరికే ఇచ్చి, ఆ ఒప్పందములో చేరని ప్రయాణికులను నడుమ ఎక్కించుకొనక నడచునది కాంట్రాక్టు క్యారేజి. మొదటి తెగకు చెందిన బండి రెండవ పని చేయవలెనన్నచో ప్రత్యేకమైన అనుమతి కావలెను. అనుమతి పత్రములోని షరతులను మీరి నడచిన బండికి ప్రమాదము వాటిల్లినచో బీమా కంపెనీ చెల్లింపునకు అడ్డుచెప్పుటకు సందు దొరకును. కనుక బేరమునకు ముందు అడుగవలసినవి కాగితములు: పర్మిటు, ఫిట్‌నెస్ పత్రము, బీమా, పన్ను రసీదు, డ్రైవరు లైసెన్సు. వీనిని అడుగుట అనుమానించుట కాదు. పిల్లలను అప్పగించిన తల్లిదండ్రుల పక్షమున అడుగుట.

ఆర్టీసీ బస్సు మాట్లాడుకొన్నచో ఈ కాగితముల చింత చాలవరకు తీరును. కాని దాని లెక్క తెలిసికొనవలెను. కిరాయి బస్సునకు కిలోమీటర్ల గణన సాధారణముగ డిపోనుండి మొదలై డిపోవద్ద ముగియును. కురవి పిల్లలు బడివద్ద ఎక్కినను, బండి సుమారు పది కిలోమీటర్ల దూరమున నున్న మానుకోటలో బయలుదేరినపుడే లెక్క ఆరంభమైనట్లు. నర్సంపేట మీదుగ పాకాల చెరువు చూచి, రామప్పకు పోయి వచ్చుటకు రానుపోను రెండువందల కిలోమీటర్లకు తక్కువ గాదు. నిలిపియుంచిన గంటలకు వేరుగ రుసుము పడవచ్చును. ప్రైవేటు బండియైనచో డ్రైవరు బత్తా, టోలు, పార్కింగు ఎవరు భరింతురో ముందుగనే తేల్చుకొనవలెను. పెండ్లిండ్ల ముహూర్తములలోను, రెండేండ్లకొకసారి వచ్చు మేడారం జాతర దినములలోను బస్సు దొరకుట దుర్లభము గనుక దినమును గూడ ఆలోచించి యేర్పరచుకొనవలెను.

తరువాతి చిక్కు డబ్బుది. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణలో బాలికలు, స్త్రీలు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో రుసుము లేక ప్రయాణించుచున్నారు. అందుచేత ‘ఆడపిల్లలకు బస్సు ఉచితమే గదా, మరల డబ్బెందుకు?’ అని తల్లులడుగుట సహజము. ఆ సౌకర్యము దినదినము తిరుగు బస్సులకే గాని కిరాయి బస్సునకు లేదు. ఈ మాటను ముందుగనే వివరించనిచో బడిమీద లేనిపోని అపోహ కలుగును.

కిరాయి లెక్కలో మరియొక సూక్ష్మమున్నది. గణితము చెప్పు ఉపాధ్యాయులు దీనిని నల్లబల్లపై వ్రాసి చూపదగును. మాటవరుసకు కిరాయి 18,000 రూపాయలనుకొందురు. 50 మంది పిల్లలు వచ్చినచో తలకు 360 పడును. పదిమంది మానుకొన్నచో మిగిలిన 40 మందికి 450 అగును. మొదట మానుకొనువారు బీదపిల్లలు. వారు తప్పుకొనగనే వంతు పెరిగి, వారికంటె కొంచెము మేలుగ నున్నవారు తప్పుకొందురు. ఇట్లు వెలుపలికి పోవు పిల్లలు తమ పేదరికమును నోటితో చెప్పరు; ‘జ్వరము వచ్చినది’ అందురు. 1841 జూలై 5న ఇంగ్లండులో టామస్ కుక్ రైలు కంపెనీతో ముందే మాట్లాడి, లెస్టరునుండి లాఫ్‌బరోకు సుమారు 500 మందిని తీసికొనిపోయినపుడు తలకొక షిల్లింగు అని ముందుగనే ప్రకటించెను. సమూహయాత్రకు అది పునాది. బడికిని ఆ పద్ధతియే మేలు. వంతును మొదటనే నిర్ణయించి, దానిని మరల పెంచక, ఇయ్యలేనివారి లోటును పూరించు ఏర్పాటు చేసి, ఎవరెంత ఇచ్చిరో ఒక్క ఉపాధ్యాయునికి మాత్రమే తెలియునట్లు చూడవలెను. కిటికీప్రక్క సీటు అందరికి వంతులవారీగ దక్కవలెను.

అదే లెక్క రెండవవైపునకు తిరిగినచో అపాయమునకు దారితీయును. 50 సీట్ల బండిలో 60 మందిని ఎక్కించినచో వంతు 300లకు దిగును. ‘చిన్నపిల్లలే గదా, సర్దుకొందురు’ అను మాట అప్పుడే పుట్టును. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాటుదారిలో బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించిరి. ఆ బండి మోయవలసిన వారికంటె ఎంతో ఎక్కువమందిని మోయుచుండెను. రిజిస్ట్రేషను పత్రములో వ్రాసిన సీట్ల సంఖ్యయే కడపటి మాట. అరువది రూపాయల ఆదా కొరకు దానిని మీరరాదు.

ఇక అందరు మరచునది డ్రైవరును. కురవిలో అయిదు గంటలకు బస్సు ఎక్కవలెనన్నచో డ్రైవరు మూడు గంటలకే నిద్ర లేవవలెను. పాకాల, రామప్ప చూచి, ‘ఇంతదూరము వచ్చితిమి, లక్నవరము గూడ చూతము, తిరుగుదారిలో వేయిస్తంభాలగుడియు చూతము’ అని పెంచుకొనుచు పోయినచో ఇల్లు చేరుసరికి రాత్రి పది దాటును. అప్పటికి అతడు మేలుకొని పందొమ్మిది గంటలు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము డ్రైవరు పనిని సాధారణముగ దినమునకు 8 గంటలకు పరిమితము చేసి, అయిదు గంటలు పనిచేసిన పిమ్మట అరగంటకు తక్కువ గాని విశ్రాంతి ఇయ్యవలెనని విధించెను. ఎడ్లు అలసినచో పూర్వులు బండి విప్పిరి. చక్రము పట్టినవాడు అలసినపుడు చూడవలసిన ఊరొకటి తగ్గించుట నేటి యజమానుల ధర్మము. పిల్లలు భోజనము చేయువేళ అతనికిని విస్తరి వేసి, ఒక గంట చెట్టునీడన పండుకొననిచ్చుట మర్యాదకు మర్యాద, రక్షణకు రక్షణ.

ఇవన్నియు నోటిమాటగ గాక కాగితముపై నుండవలెను. బయలుదేరు వేళ, తిరిగివచ్చు వేళ, చూడవలసిన స్థలములు, మొత్తము కిరాయి, బండి చెడిపోయినచో వేరు బండి పంపు పూచీ, బయానా తిరిగి వచ్చు షరతులు వ్రాసి ఇరువురును సంతకము చేయవలెను. మాటను వ్రాతలో నిలుపుట కురవికి క్రొత్త గాదు. పదవ శతాబ్దిదిగ పండితులు చెప్పు తెలుగు గద్యశాసనము ఈ గ్రామములోనే లభించినది. రామప్పగుడిని 1213లో రేచర్ల రుద్రుడు కట్టించుటకు రెండువందల ఏండ్లకు పైబడిన వ్రాత అది. యునెస్కో 2021లో ప్రపంచ వారసత్వముగ గుర్తించిన ఆ గుడిని చూడబోవు పిల్లలు, బస్సు ఎక్కుటకు ముందటి దినము తమ ఊరి శాసనమును గూర్చి ఒక పాఠము వినినచో యాత్ర అక్కడనే ఆరంభమగును. దానికి కిరాయి లేదు.

బస్సు దిగినంత మాత్రమున యజమానుల పని తీరదు. 2014 జూన్ 8న హైదరాబాదునుండి విజ్ఞానయాత్రకు హిమాచలప్రదేశ్ వెళ్లిన ఇంజనీరింగు విద్యార్థులు 24 మంది, లార్జి ఆనకట్టనుండి విడిచిన నీటిలో చిక్కి బియాస్ నదిలో కొట్టుకొనిపోయిరి. దారిపొడవున ఏమియు కాలేదు. బండి దిగి నదిలోనికి ఫొటోల కొరకు నడచినపుడు వచ్చినది ఆపద. పాకాలయు చెరువే, రామప్పగుడి ప్రక్కన నున్నదియు చెరువే. నీటి అంచునకు ఎంతదూరమున నిలువవలెనో బస్సులోనే చెప్పవలెను. దిగిన తరువాత చెప్పు మాట పిల్లల చెవికెక్కదు.

ఈ పనులను పిల్లలకే పంచిపెట్టుట ఉత్తమము. ఒకరు ఖర్చు వ్రాయుదురు. ఒకరు బయలుదేరునపుడును, ఆగిన ప్రతిచోటను మీటరుపై కిలోమీటర్లు చూచి వ్రాసికొందురు. పదిమందికొక నాయకుడు తన పదిమందిని ఎక్కునపుడు, దిగునపుడు లెక్కించును. మరునాడు జమాఖర్చు బడి గోడపై అంటింతురు. శిల్పముల పేర్లు కొన్ని మరచిపోవచ్చును. పదిమంది కొరకు మాట కుదుర్చుకొని, లెక్క చూపి, వెళ్లినవారినందరిని క్షేమముగ ఇంటికి చేర్చిన అనుభవము మాత్రము రేపు ఊరిలో ఏ పెద్దపని తలపెట్టినను వారికి అక్కరకు వచ్చును.