టికెట్టు కొన్నదెవరు? ఫ్రెంచి సినిమా నిధి: అపోహలు – వాస్తవాలు

"ఫ్రాన్సులో సినిమావాళ్ళు జనం పన్నులతో సినిమాలు తీస్తారు. అవి ఎవరూ చూడరు. అవార్డు చేతికి రాగానే డబ్బిచ్చిన ప్రభుత్వాన్నే తిడతారు." 2023 మే 27 తర్వాత ఫ్రెంచి టీవీ చర్చల్లో, నాయకుల ట్వీట్లలో ఈ మాటలు ఎంతగా నలిగాయంటే, ఇప్పుడు వాటికి రుజువు అడిగేవాళ్ళే తక్కువ.

ఆ రాత్రి కాన్ చిత్రోత్సవ వేదిక మీద 'అనాటమీ ఆఫ్ ఎ ఫాల్' దర్శకురాలు జస్టిన్ త్రియే అక్కడి అత్యున్నత పురస్కారం పామ్ డోర్ అందుకున్నారు. పెన్షన్ సంస్కరణల మీద లేచిన నిరసనను ప్రభుత్వం అణచివేసిందని, సంస్కృతిని సరుకుగా మారుస్తోందని అక్కడే అన్నారు. అప్పటి సాంస్కృతిక మంత్రి రీమా అబ్దుల్ మలాక్‌కు కోపం వచ్చింది. ఫ్రాన్సు నిధుల విధానమే లేకపోతే ఈ సినిమా పుట్టేదే కాదని గుర్తుచేశారు. మిగతావాళ్ళు ఇంకా ముందుకెళ్ళారు. ఉప్పు తిన్న విశ్వాసం లేదన్నారు, గారాల బిడ్డ అన్నారు. సినిమా నిధిని నడిపే జాతీయ సినిమా కేంద్రాన్నే, అంటే సీఎన్‌సీనే, ఎత్తేయాలన్న డిమాండు రాజకీయాల్లోకి వచ్చింది. ఒక దర్శకురాలి ప్రసంగం నచ్చకపోవడం వేరు, దాన్ని సాకుగా చూపి దాదాపు ఎనభై ఏళ్ళ వ్యవస్థకు గొడ్డలి పెట్టాలనుకోవడం వేరు.

అపోహ: ఆ నిధి మామూలు జనం కట్టే పన్నుల నుంచి వస్తుంది.

వాస్తవం: ఎక్కడి నుంచి వస్తుందో చూడటానికి ఆర్థికవేత్తలు అక్కర్లేదు, ఒక్క సినిమా టికెట్టు చాలు. ఫ్రాన్సులో టికెట్టు ధరలో 10.72 శాతం సీఎన్‌సీకి పోతుంది. 10 యూరోల టికెట్టు కొంటే 1.07 యూరో అన్నమాట. హాల్లో ఆడేది ఫ్రెంచి సినిమానా, హాలీవుడ్ సినిమానా అన్న తేడా లేదు. 'అవతార్' రెండో భాగానికి ఫ్రాన్సులో 1.4 కోట్ల టికెట్లు తెగాయి. సగటు టికెట్టు ఏడు యూరోలే అనుకున్నా, జేమ్స్ కామెరాన్ ప్రేక్షకులు ఆ నిధిలో వేసింది కోటి యూరోలకు తక్కువుండదు. సినిమా హాలు గడప తొక్కని ఫ్రెంచి రైతు ఈ పద్దులో ఒక్క సెంటు కూడా వేయలేదు.

టికెట్టు మీద వచ్చేది ఒక భాగమే. అంతకంటే పెద్ద వాటా టీవీ ఛానళ్ళ నుంచి, టీవీ ప్రసారాలు అందించే టెలికాం కంపెనీల నుంచి వస్తుంది. వీడియో ప్లాట్‌ఫామ్‌లూ కడతాయి. అన్నీ కలిపితే ఏటా సుమారు 70 కోట్ల యూరోలు. వీటన్నిటినీ చట్టం పన్నులనే అంటుంది. కాకపోతే మార్కెట్ యార్డులో వసూలైన సెస్సు యార్డు బాగుకే ఖర్చయినట్టు, సినిమా మీద వచ్చింది సినిమాకే పోతుంది.

ఈ నిధి పుట్టుక కూడా దానధర్మంగా జరిగింది కాదు. 1946 మేలో ఫ్రాన్సు తరఫున లెయోన్ బ్లూమ్ వాషింగ్టన్ వెళ్ళి యుద్ధ రుణాల ఒప్పందం మీద సంతకం పెట్టారు. అందులో సినిమా హాళ్ళ సంగతీ ఉంది. ప్రతి మూడు నెలల్లో నాలుగు వారాలు ఫ్రెంచి సినిమాలకు, మిగతా కాలమంతా తలుపులు బార్లా. యుద్ధకాలంలో పేరుకుపోయిన అమెరికన్ సినిమాలన్నీ వచ్చి పడ్డాయి. ఆ ఏడాది అక్టోబరులోనే సీఎన్‌సీ ఏర్పడింది. ఒప్పందానికి వ్యతిరేకంగా 1948 జనవరిలో సినిమావాళ్ళు పారిస్ వీధుల్లోకి వచ్చారు. అదే ఏడాది సెప్టెంబరులో టికెట్టు మీద పన్ను వేసి, ఆ డబ్బును సినిమాకే కేటాయించే చట్టం వచ్చింది. దాన్ని 'తాత్కాలిక' సాయం అన్నారు. ఆ తాత్కాలికం ఇంకా నడుస్తూనే ఉంది.

డబ్బు ఎలా బయటికి వస్తుందన్నది ఇంకా ఆసక్తికరం. ఫ్రెంచి సినిమాగా గుర్తింపు పొందినది ఎన్ని టికెట్లు అమ్మితే, దాని నిర్మాత ఖాతాలో అంత సాయం జమవుతుంది. ఆ డబ్బుతో విల్లా కొనుక్కోవడానికి లేదు. మళ్ళీ సినిమాకే పెట్టాలి, అదీ గడువులోగా. దీన్ని ఆటోమేటిక్ సాయం అంటారు. ఇక్కడ కమిటీ లేదు, సిఫార్సు లేదు, లెక్కే మాట్లాడుతుంది. 2011లో వచ్చిన 'ది ఇన్‌టచబుల్స్' సంగతి తీసుకోండి. మనవాళ్ళు దాన్నే నాగార్జున, కార్తిలతో 'ఊపిరి'గా తీశారు. ఆ మాతృకకు ఫ్రాన్సులో అమ్ముడైన టికెట్లు 1.9 కోట్లకు పైనే. ఎవరూ చూడని సినిమాలకే నిధి అనేవాళ్ళు ఈ అంకెను ఎక్కడ పెడతారో చెప్పాలి.

ఇక తిట్లు తిన్న సినిమా సంగతి. 'అనాటమీ ఆఫ్ ఎ ఫాల్' బడ్జెట్టు 62 లక్షల యూరోలు. సీఎన్‌సీ కమిటీ ఎంపిక చేసి ఇచ్చిన అడ్వాన్సు సుమారు 5 లక్షలు. ఫ్రాన్సులో ఆ సినిమాకు 15 లక్షలకు పైగా టికెట్లు అమ్ముడయ్యాయి. ఏడు యూరోల సగటుతో గుణిస్తే, దాని ప్రేక్షకులు టికెట్టు పన్నుగా నిధిలో వేసిందే 11 లక్షల యూరోలు దాటుతుంది. తీసుకున్న అడ్వాన్సుకు రెట్టింపు. ఇంతకీ ఎవరి ఉప్పు ఎవరు తిన్నట్టు?

అసలు విడ్డూరం 2025 బడ్జెట్టులో జరిగింది. ఖజానా లోటు పూడ్చుకోవడానికి ఫ్రెంచి ప్రభుత్వం సీఎన్‌సీ నిల్వల నుంచి దాదాపు 50 కోట్ల యూరోలు ఒక్కసారిగా లాగేసుకుంది. ఖజానా మీద పడి బతుకుతోందని పేరుపడ్డ సంస్థ దగ్గర ఖజానాయే చేయి చాచింది. పుకారు చేసే చేటు ఇదే. జనం డబ్బే కదా అని పదిసార్లు వింటే, తీసుకున్నా ఎవరికీ తప్పనిపించదు.

అపోహ: అయితే ఖజానా నుంచి ఒక్క పైసా కూడా పోవడం లేదు.

వాస్తవం: సినిమావాళ్ళ తరఫున వాదించేవాళ్ళు చెప్పే ఈ మాటా నిజం కాదు. ఇష్టం లేకపోయినా ఒప్పుకోవాల్సిందే. నిర్మాతలకు పన్ను రాయితీలున్నాయి, అది ఖజానాకు రావాల్సి ఉండీ రాని డబ్బు. ప్రాంతీయ ప్రభుత్వాల నిధులున్నాయి. ప్రజాధనంతో నడిచే ఫ్రాన్స్ టెలివిజన్ కూడా సినిమాల్లో పెట్టుబడి పెడుతుంది. సినిమాల సంఖ్య గురించిన విమర్శలోనూ పస ఉంది. ఏటా దాదాపు 300 సినిమాలు ఆమోదం పొందుతున్నాయి. వాటిలో సుమారు మూడో వంతుకు 20 వేల టికెట్లు కూడా తెగడం లేదని 2023లో ఆ దేశపు ఆడిట్ సంస్థే ఎత్తిచూపింది. విమర్శించాలనుకునేవాళ్ళకు ఇక్కడ కావలసినంత సరుకుంది. వాళ్ళు దీన్ని వదిలేసి టికెట్టు పన్ను మీద పడతారు, అదే విచిత్రం.

మిగతావి ఒక్కో మాటలో తేల్చేయొచ్చు.

అపోహ: ప్రభుత్వానికి నచ్చిన కథలకే డబ్బు. వాస్తవం: అడ్వాన్సు కోసం స్క్రిప్టులు చదివేది సినిమా రంగం వాళ్ళ కమిటీ, మంత్రిగారు కాదు. ప్రభుత్వాన్ని వేదికెక్కి విమర్శించిన త్రియేకి దక్కింది ఆ అడ్వాన్సే.

అపోహ: అడ్వాన్సంటే ఉచితం. వాస్తవం: ఆంద్రే మాల్రో మంత్రిగా ఉండగా 1959లో మొదలైన ఈ పథకంలో, సినిమా ఆడితే తిరిగి కట్టాలి. ఎక్కువ సినిమాలు ఆడవు కాబట్టి కట్టవు, అది వేరే సంగతి.

అపోహ: ఫ్రెంచివాళ్ళే ఫ్రెంచి సినిమా చూడరు. వాస్తవం: 2024లో అక్కడ అమ్ముడైన 18 కోట్లకు పైగా టికెట్లలో 44 శాతం ఫ్రెంచి సినిమాలవే.

అపోహ: నెట్‌ఫ్లిక్స్ లాంటివి తప్పించుకుంటున్నాయి. వాస్తవం: 2021 నుంచి ఫ్రాన్సులో వచ్చే ఆదాయంలో కనీసం 20 శాతం యూరోపియన్, ఫ్రెంచి నిర్మాణాల్లో పెట్టాల్సిందే.

అపోహ: యూరప్ అంతటా ఇదే పద్ధతి. వాస్తవం: బ్రిటన్‌లో లాటరీ డబ్బు సినిమాకు వెళ్తుంది. ఒక్కో దేశానిది ఒక్కో దారి.

అపోహ: అక్కడ షూటింగ్ చేస్తే చాలు, మనకూ డబ్బిస్తారు. దీని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఇది మనవాళ్ళ జేబులకు సంబంధించింది. విదేశీ సినిమాలకు ఫ్రాన్సులో పెట్టిన ఖర్చు మీద 30 శాతం రాయితీ ఉన్న మాట నిజం. కానీ అక్కడ కనీసం 2.5 లక్షల యూరోలు, లేదా మొత్తం బడ్జెట్టులో సగం, ఖర్చుపెట్టాలి. కనీసం ఐదు రోజులు షూటింగ్ ఉండాలి. ఫ్రెంచి నిర్మాణ సంస్థ చేతుల మీదుగా నడవాలి. కథకు సాంస్కృతిక అర్హత పరీక్ష కూడా ఉంది. డబ్బు వచ్చేది ఖర్చు పెట్టాక. రెండు రోజుల్లో ఈఫిల్ టవర్ ముందు పాట చుట్టేసి వచ్చేవాళ్ళకు ఇందులో దక్కేది ఏమీ లేదు.

చిన్న సినిమా తీయాలనుకునే కుర్రాళ్ళకు వేరే దారి ఉంది. భారత్, ఫ్రాన్సుల మధ్య సహనిర్మాణ ఒప్పందం 1985 నుంచే ఉంది. విదేశీ దర్శకుల సినిమాలకు సీఎన్‌సీ ప్రత్యేక నిధి ఉంది, కానీ దరఖాస్తుకు ఫ్రెంచి సహనిర్మాత తప్పనిసరి. 2024లో కాన్‌లో గ్రాండ్ ప్రీ గెలిచిన పాయల్ కపాడియా 'ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్' కూడా ఫ్రెంచి సహనిర్మాణమే. కాబట్టి ముందు స్క్రిప్టు పూర్తి చేయండి, తర్వాత నిర్మాతను వెతకండి. నిధి ఇప్పిస్తామని ముందే ఫీజు అడిగే మధ్యవర్తికి మాత్రం నమస్కారం పెట్టి తలుపు వేసేయండి.

చివరిగా, "ఫ్రాన్సులో ప్రభుత్వం సినిమాకు డబ్బిస్తుంది, ఇక్కడెందుకు ఇవ్వరు" అని వేదికలెక్కే మన పరిశ్రమ పెద్దలకు ఒక్క మాట. మీరు సగమే చెబుతున్నారు. అక్కడ పెద్ద సినిమా అమ్మే ప్రతి టికెట్టు నుంచి పదో వంతుకు పైగా ఉమ్మడి నిధిలో పడుతుంది. అందులో కొంత, పేరు కూడా తెలియని కొత్త దర్శకుడి మొదటి సినిమాకు పోతుంది. మీ సినిమా టికెట్టు మీద ఆ 10.72 శాతం వదులుకోవడానికి సిద్ధమా? సిద్ధమైతే ఫ్రాన్సు పేరెత్తండి, లేదంటే సబ్సిడీని సబ్సిడీ అనే అడగండి.