మీకు తెలుసా? ఉదయించకముందే కనిపించే సూర్యుడు

సముద్రతీరాన సూర్యబింబం కింది అంచు నీటిని తాకుతూ కనిపించే క్షణానికి, నిజానికి బింబమంతా దిగంతానికి దిగువనే ఉంటుంది. శూన్యం నుంచి వచ్చే వెలుగు, కిందికి దిగేకొద్దీ చిక్కబడే గాలిలో వేగం తగ్గి నేలవైపు వంగుతుంది. గాలి వక్రీభవన గుణకం 1.0003 మాత్రమే కదా, నీటికున్న 1.33 ముందు అదెంత అని అడగవచ్చు. నడినెత్తిన ఉన్న సూర్యుడి విషయంలో ఆ సందేహం సబబే, అక్కడ వంపు దాదాపు సున్నా. దిగంతం దగ్గర మాత్రం కిరణం ఏటవాలుగా వందల కిలోమీటర్ల గాలిని దాటి రావాలి. అందుకే వంపు సుమారు 0.57 డిగ్రీలకు చేరుతుంది. బింబం వెడల్పు 0.53 డిగ్రీలే!

దీనికి కంటికి కనిపించే సాక్ష్యమూ ఉంది. బింబం కింది అంచు వెలుగు పై అంచు వెలుగుకన్నా ఎక్కువ వంగుతుంది కనుక, అస్తమించే సూర్యుడు నిలువునా నొక్కినట్టు కనిపిస్తాడు. అది పొగమంచు పని అనలేం. మంచు వెలుగును మసకబరుస్తుందే గానీ బింబాన్ని ఒక్క దిశలోనే కుదించలేదు. రాత్రింబవళ్లు సమానమని చెప్పుకునే విషువత్తు నాడు కూడా హైదరాబాద్‌లో పగలు 12 గంటలకన్నా దాదాపు 7 నిమిషాలు ఎక్కువ. అందులో సుమారు 5 నిమిషాలు ఈ వంపు వల్ల వచ్చినవే. మిగతా 2 నిమిషాలు, ఉదయాస్తమయాలను బింబం పై అంచుతో లెక్కపెట్టడం వల్ల వస్తాయి.